ఉప్పు పోయిన నేల

నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో మట్టి మీద పరిశోధన చేస్తున్న మా మేనల్లుడు, "ఫియర్డ్‌లు అందరూ చూస్తారత్తా, నీకు మట్టి చూపిస్తా పద" అన్నాడు.

ఫ్లాక్ రేవులో ఫెర్రీ ఎక్కితే అరగంటలోపే ఆవలి గట్టు. పడవలో గోధుమరంగు చీజ్ పెట్టిన వాఫెల్ తిన్నాను. చీజ్ పేరేగానీ, అడుగంటిన పాలకోవా రుచి! ఇంకోటి కొనిపించుకున్నాను.

అక్కడినుంచి రిస్సా. 1978 ఏప్రిల్ 29న బోట్న్ సరస్సు పక్కన 33 హెక్టార్ల నేల, మన లెక్కలో ఎనభై ఎకరాల పైమాటే, ద్రవమై సరస్సులోకి జారిపోయింది. ఒక రైతు కొట్టం కోసం తవ్విన మట్టిని ఒడ్డున పోయడంతో మొదలైందట. ఒకరు చనిపోయారు. ఇళ్లు కొట్టుకుపోవడం ఫిల్ముకి కూడా ఎక్కింది.

ఆ చోటు కోసం దారులు తప్పి తిరిగాం. ఎటు చూసినా పచ్చటి చేలే. ట్రాక్టర్ మీదున్న పెద్దాయనను అడిగితే మా కాళ్లకేసి వేలు చూపించాడు.

మాది గుంటూరు వైపు. మా నల్లరేగడి ఎండితే బీటలిస్తుంది, తడిస్తే చెప్పులు పీక్కుంటుంది. దాని బుద్ధి పైకే తెలుస్తుంది. ఈ రిస్సా నేలది తెలియదు.

మర్నాడు ప్రయోగశాలలో మేనల్లుడు అలాంటి మట్టిదే బూడిదరంగు ముద్ద ఒకటి చేతికిచ్చాడు. నొక్కితే గట్టిగానే ఉంది. గిన్నెలో వేసి గరిటెతో కలియతిప్పాడు, అంతే, ధారగా కారింది! నీళ్లేమైనా కలిపాడేమోనని వాడి చేతులకేసే చూశాను.

వాడు చెప్పిన కారణం ఇది: మంచుయుగంలో హిమానీనదాలు నూరిన సన్నమట్టి సముద్రం అడుగున పేరుకుంది. ఉప్పునీటిలో రేణువులు అడ్డదిడ్డంగా అతుక్కుని, సందుల్లో నీళ్లు దాచుకున్నాయి. మంచు బరువు తగ్గాక నేల పైకి లేచింది. ఆపైన వేల ఏళ్లపాటు వాననీరు, ఊటనీరు ఉప్పును కడిగేశాయి. అల్లిక అలాగే నిలిచింది, పట్టు పోయింది. కదిపితే అల్లిక కూలి, దాచిన నీళ్లలో రేణువులు తేలిపోతాయి.

"ఇప్పుడు చూడత్తా" అంటూ మేనల్లుడు చిటికెడు ఉప్పు వేసి మళ్లీ తిప్పాడు. చిక్కబడి, చిక్కబడి, గరిటె నిలబడింది. ట్రాండ్‌హైమ్ శివారు ద్రాగ్వోల్‌లో నేలలోనే ఉప్పుబావులు వేసి, పొటాషియం క్లోరైడ్‌తో ఈ పని చేసి చూశారట.

మీరు వెళ్తే ప్రయోగశాలకు ముందే రాసి అనుమతి తీసుకోండి. రిస్సాకి గమ్‌బూట్లు చాలు. గట్ల మీదే నడవండి, చేను తొక్కితే ఆ పెద్దాయన ఊరుకోడు.