నేను దాచని జీతం

2020 ఏప్రిల్ మధ్యలో మా హోటలు మూతపడింది. నేను అక్కడ అకౌంట్స్ చూసేదాన్ని. అమెరికాలో నాకు అప్పటికే గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి అన్‌ఎంప్లాయ్‌మెంట్ భృతికి అర్హత ఉంది. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ళకి ఆ దారి దాదాపు లేనట్టే. రాష్ట్రం ఇచ్చే భృతికి తోడు కేంద్రం వారానికి 600 డాలర్లు కలిపి ఇచ్చిన రోజులవి.

డబ్బు రావాలంటే పని చేశారా, ఎంత సంపాదించారు అన్న ప్రశ్నలకి వారం వారం జవాబులు రాయాలి. జీతం చేతికందిన వారానికి కాదు, పని చేసిన వారానికి రాయాలి. అదీ పన్నులు కోయకముందు మొత్తం. మే నెలంతా సున్నా రాశాను. జూన్ చివర్లో హోటలు వాళ్ళు మళ్ళీ పిలిచారు. చేసిన గంటలకి వచ్చే జీతం డాలరు తేడా లేకుండా రాశాను.

మరుసటి ఏడాది అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నేను కావాలని జీతం దాచి భృతి తీసుకున్నానట. తిరిగి కట్టాల్సింది పది వేల డాలర్లు దాటింది. దానిమీద 15 శాతం జరిమానా. మోసం అని తేలిస్తే కనీసం అంత వేయాలని కేంద్ర చట్టమే చెబుతుంది. కింద ఇంకో వాక్యం: ఇది నేరం, కోర్టుకు పంపవచ్చు.

ఆ రాత్రి నాకు డబ్బు గుర్తు రాలేదు. పది వేల డాలర్లకు మించిన మోసంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళని కూడా దేశం నుంచి పంపేయవచ్చు. పిల్లలు పక్క గదిలో నిద్రపోతున్నారు. వాళ్ళు పుట్టింది ఇక్కడే.

గుంటూరు నుంచి నాన్న ఫోన్లో, "అప్పో సప్పో చేసి కట్టేయమ్మా. డబ్బు పోతే పోయింది, పరువు దక్కుతుంది" అన్నారు. మా ఆయనదీ అదే మాట. కానీ అప్పీలు చేయకుండా కట్టేస్తే మోసం అన్న తీర్పు నా పేరు మీద ఖాయమైపోతుంది. రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెడితే అది ముందు నిలబడుతుంది. నేను దొంగతనం చేయలేదు. చేయనిదాన్ని చేశానని ఎలా ఒప్పుకోను?

పే స్టబ్‌లు తీసి లెక్క వేస్తే విషయం బయటపడింది. హోటలు వాళ్ళు మూడు నెలల జీతం మొత్తం ఒకే అంకెగా పంపారు. ఆఫీసు దాన్ని 13 వారాలకి సమానంగా పంచింది. దాంతో నేను సున్నా రాసిన ప్రతి వారంలోనూ వాళ్ళ కాగితాల్లో జీతం పుట్టుకొచ్చింది.

ఉచిత న్యాయ సహాయం ఇచ్చే లాయరు చూసి ఆశ్చర్యపోలేదు. మిషిగన్‌లో 2013 నుంచి 2015 దాకా ఇలాగే జరిగిందని చెప్పారామె. అక్కడ దాదాపు 40 వేల మంది మీద తప్పుగా మోసం ముద్ర వేశారు. మనిషి చూడకుండా కంప్యూటరే తేల్చిన కేసుల్లో 93 శాతం తప్పని ఆ రాష్ట్రమే తర్వాత ఒప్పుకుంది. జరిమానా తీసుకున్నదానికి నాలుగింతలు. జీతాల్లోంచి కోసేసుకున్నారు. కొందరు ఇళ్ళు పోగొట్టుకున్నారు.

దొంగలు లేరని నేననను. కరోనా కాలంలో ఈ పథకాల్లో మోసం వంద బిలియన్ డాలర్ల పైనే అని కేంద్ర ప్రభుత్వ ఆడిట్ సంస్థ అంచనా వేసింది. పక్కవాళ్ళ పేర్లతో క్లెయిములు వేసిన ముఠాలు జైలుకి వెళ్ళాయి, వెళ్ళాల్సిందే. కానీ తెలిసి చెప్పిన అబద్ధమే నేరం. అది తెలిసి చెప్పిందా కాదా అని తేల్చేముందు నన్ను ఒక్క మనిషైనా అడగాలి కదా. నన్నెవరూ అడగలేదు.

నా అప్పీలు మీద హియరింగు ఫోన్లోనే జరిగింది. జడ్జి ఒక్కో వారం తేదీ చదువుతుంటే నేను ఆ వారం పే స్టబ్ చూసి చెబుతూ వచ్చాను. గొంతు వణికింది, అంకెలు తడబడలేదు. మోసం లేదు, కట్టాల్సిందీ లేదు అని తీర్పు తపాలాలో వచ్చింది. అప్పటికే పట్టేసుకున్న మా ట్యాక్స్ రీఫండు చాలా ఆలస్యంగా తిరిగి ఇచ్చారు. క్షమాపణ రాలేదు.

నాతో పాటు లేఆఫైన మెక్సికో ఆవిడ హోటల్లో గదులు శుభ్రం చేసేది. ఆవిడకీ అదే ఉత్తరం వచ్చింది, అదే లెక్క. ఇంగ్లీషు సరిగా చదవలేక, భయపడి, అప్పీలు గడువు దాటిపోయాక వాయిదాల మీద కట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆవిడ కాగితాలన్నీ వారాల వారీగా నేనే సర్దుతున్నాను. గడువు దాటిన అప్పీలు కూడా వినమని మా లాయరు అర్జీ పెడుతున్నారు.