రెండు ప్రాసెసర్లు, మా నలుగురి ముప్పై రెండు వేలు

పోస్టు జర పొడుగైంది. హాస్టల్‌లో ఉండి కంప్యూటర్ కోసం పైసలు జమ చేస్తున్నవాళ్లు ఎవరన్నా ఉంటే వాళ్లు తప్పకుండా చివరిదాకా చదవండి. మేం చేసిన తప్పులు మీరు చేయొద్దనే రాస్తున్నం.

మేం నలుగురం. హనుమకొండలో ఒకటే హాస్టల్, ఒకటే రూము. ఇద్దరం తాడ్వాయి, ఏటూరునాగారం వైపు కోయోళ్లం. ఇద్దరం గూడూరు, మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చినోళ్లం. నలుగురి ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. తీసుకున్నది బీఎస్సీ కంప్యూటర్స్. కానీ చేరిన నాటికి మాలో ఇద్దరం మౌస్ ముట్టుకోలేదు.

మొదటి సంవత్సరం సి ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్‌కు ముగ్గురిని కూర్చోబెట్టేవాళ్లు. కీబోర్డు ఎప్పుడూ వచ్చినోడి దగ్గరే ఉంటది. మేం వెనక నిలబడి చూసి రికార్డు రాసుకునేవాళ్లం. పరీక్ష రోజు మాత్రం ఎవరి సిస్టమ్ వాళ్లదే. తాడ్వాయి వాడికి ప్రోగ్రాం మొత్తం నోటికి వచ్చు. కానీ సెమీకోలన్ ఎక్కడుందో వెతుక్కోవాలె, బ్రాకెట్ ఎక్కడుందో వెతుక్కోవాలె. ఇరవై లైన్లు కొట్టేసరికి టైమ్ అయిపోయింది. ఫెయిల్. ఆ రోజు రాత్రి వాడు బ్యాగు సర్దుకున్నడు. "మిర్చి ఏరుడైతే నాకు వస్తది, ఇది రాదు" అన్నడు. పొద్దున బస్సుకు పోకుండా ఆపినం గాని, ఆపడానికి మాటలు తప్ప మా దగ్గర ఇంకేం లేవు. రూములో ఒక కంప్యూటర్ ఉండాలె అని అనుకున్నది అప్పుడే.

పైసలు ఎట్ల వచ్చినయో కూడా చెప్తం. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర. తాడ్వాయి వాడు జాతరలో ఒక కొట్టు దగ్గర బంగారం మోసిండు. బంగారం అంటే బెల్లమే, మీకు తెలుసు. మహబూబాబాద్ వాడు సెలవుల్లో యాడితోని మిర్చి ఏరిండు. ఏటూరునాగారం వాడు ఎండాకాలం ఇంటికి పోయి తునికాకు కోసిండు, యాభై ఆకులకు ఒక కట్ట లెక్కన. గూడూరు వాడు పెళ్లిళ్ల సీజన్ మొత్తం ఇక్కడే ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు పోయిండు. మనిషికి ఎనిమిది వేలు, మొత్తం 32 వేలు. ఇండ్లల్లో "సదువుకే" అని చెప్పినం. ఆటల సంగతి చెప్పలె. ఆడాలని మాత్రం నలుగురికీ ఉండె.

అన్నీ చూసి చూసి రెండింటి దగ్గర ఆగినం. ఏఎండీ రైజెన్ 5 5600జీ, ఇంటెల్ కోర్ ఐ5 12400. మొదటిది 2021లో వచ్చింది, రెండోది 2022 జనవరిలో. కాగితం మీద చూస్తే కవల పిల్లల్లెక్క ఉంటయి. రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు. రెండింటి గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. బేస్ పవర్ కూడా రెండింటికీ 65 వాట్లే.

ఈ మాటలు మాకూ మొదట తలకెక్కలె. పత్తి చేను లెక్కన అనుకుంటే అర్థమైంది. కోర్లు అంటే ఏరే మనుషులు, ఆరుగురు. థ్రెడ్లు 12 అంటే ఒక్కొక్కరు రెండు సాళ్లు పట్టుకునుడు. ఒక సాలులో చెయ్యి ఖాళీ అయితే నిలబడకుండా రెండో సాలులో పెడతరు. గిగాహెర్ట్జ్ అంటే చెయ్యి ఆడే వేగం. కాష్ అంటే నడుముకు కట్టుకున్న ఒడి, ర్యామ్ అంటే గట్టు మీది బస్తా, ఎస్‌ఎస్‌డీ అంటే ఇంట్లో గది. ఒడి పెద్దగుంటే గట్టుకు తిరుగుడు తగ్గుతది. 5600జీకి ఎల్3 కాష్ 16 ఎంబీ, 12400కు 18 ఎంబీ. ఇంకొకటి, చెయ్యి ఒకే వేగంతో ఆడినా పిడికిట్లో ఎంత పత్తి వస్తదనేది వేరే సంగతి. ఆ పిడికిలి 12400దే పెద్దది. అందుకే మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టి పోలిస్తే ఆటల్లో 12400 ముందుంటది. ఇది నిజం, దాచాల్సిన పని లేదు. కార్డుతో మాట్లాడే దారి కూడా దానిదే పెద్దది. 12400కు పీసీఐఈ 5.0 దాకా ఉంది, 5600జీకి 3.0 వరకే.

మేం చూసిన వీడియోలన్నీ అదే చెప్పినయి. మేమూ 12400కే ఓటేసినం. ఒక రాత్రి గూడూరు వాడు వీడియో ఆపి, మూలకు చిన్న అక్షరాల్లో ఉన్నది చదివిండు. వాళ్లు పరీక్షకు పెట్టిన గ్రాఫిక్స్ కార్డు పేరు అది. ధర చూస్తే, ఆ కార్డు ఒక్కటే మా 32 వేల కంటే ఎక్కువ. నలుగురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. వారం రోజుల నుంచి మేం చూస్తున్న లెక్కలు మా లెక్కలే కావు.

"కార్డు తర్వాత కొనుక్కోవచ్చు కదా" అని కామెంట్లలో అందరూ రాస్తరు. తర్వాత అనే మాట నెలనెలా జీతమొచ్చే ఇండ్లలోది. మాకు జాతర రెండేండ్లకు ఒకసారి వస్తది. ఈ రోజు ఏం కొంటమో అదే చాలా కాలం ఒంటిగా నడవాలె. కాబట్టి ఏది గొప్పది అని కాదు, కార్డు లేకుండా ఏది నిలబడతది అని చూడాలె.

అట్ల చూస్తే లెక్క తిరగబడ్డది. రెండు చిప్పుల లోపలా బొమ్మ గీసే భాగం ఉంటది. 12400లో యూహెచ్‌డీ 730. సినిమా చూడడానికి, వర్డ్‌కు, బ్రౌజర్‌కు సరిపోతది. 5600జీలో రేడియాన్ వేగా 7. చాలా ఆటల్లో దానికి రెట్టింపుకు దగ్గరగా ఎఫ్‌పీఎస్ ఇస్తది. కార్డు లేనోడికి తేడా అంటే ఇదే.

అయినా మహబూబాబాద్ వాడు ఒప్పుకోలె. ఇంటెలే కావాలన్నడు. సరే అని హనుమకొండలో ఒక షాపుకు పోయినం.

"ఏం కావాలె తమ్మీ?"

"ఐ5 12400 అన్నా. కార్డు ఏం వద్దు."

"గిది తీస్కోండి. రెండు వేలు తక్కువైతది. సేమ్ టు సేమ్."

డబ్బా మీద 12400 పక్కన ఒక ఎఫ్ ఉంది. ఇంటెల్‌లో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. కార్డు లేకుండా అది పెడితే ఫ్యాన్ తిరుగుతది, లైట్ వెలుగుతది, తెర మీద మాత్రం ఏమీ రాదు. "అన్నా, దీంట్ల గ్రాఫిక్స్ ఉండదు కదా" అన్నం. ఆయన మా చెప్పుల నుంచి పైదాకా చూసి, "అన్నీ తెలిస్తే మీరే బిగించుకోండి" అన్నడు. కావాలని చెప్పిండో, మరిచి చెప్పిండో దేవునికే తెలవాలె. ఆ ఒక్క అక్షరం తెలవకపోతే మా ఎండాకాలం మొత్తం మట్టిలో కలిసేది. ఏఎండీలో కూడా ఇట్లనే. 5600జీ వేరు, 5600 వేరు. జీ లేనిదాంట్ల కాష్ 32 ఎంబీ ఉంటది గాని గ్రాఫిక్స్ ఉండదు.

ఆయన అన్నట్టే చేసినం. కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కి సికింద్రాబాద్ పోయి, ప్యారడైజ్ దగ్గర సీటీసీలో నాలుగైదు షాపులు తిరిగి 5600జీ తెచ్చుకున్నం. సీలున్న డబ్బాకు కంపెనీ వారంటీ 3 ఏండ్లు, ఫ్యాన్ కూడా దాంట్లనే వస్తది. మానిటర్ సెకండ్ హ్యాండ్. వార్డెన్ సార్ దగ్గర ముందే పర్మిషన్ తీసుకున్నం. రాత్రి రూములో వీడియో చూసుకుంట బిగించినం. 5600జీకి పిన్నులు చిప్ కిందనే ఉంటయి, ఒక్కటి వంగినా కష్టం. మూలకు బంగారు రంగు చిన్న త్రిభుజం ఉంటది. దాన్ని సాకెట్ మీద గుర్తుతో కలిపి పెట్టాలె, ఒత్తొద్దు, దానంతటదే కూర్చుంటది. ఎవరి చేతులు వణకవో వాళ్లే పెట్టాలనుకున్నం. తాడ్వాయి వాడు పెట్టిండు.

ఆన్ అయింది. సంతోషం రెండు రోజులే ఉంది. వాలరెంట్ పెడితే 60 ఎఫ్‌పీఎస్ దగ్గర ఆడుతది, నడుమ నడుమ పట్టుకుంటది. ఇంటెల్ అన్నోడు "చెప్పిన కదా" అని మొదలుపెట్టిండు. రూములో పది రోజులు సరిగ్గా మాటల్లేవు. తప్పు ప్రాసెసర్‌ది కాదు, మాది. పైసలు తక్కువై 8 జీబీ ర్యామ్ ఒక్కటే వేసినం. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత బస్తా ఉండదు, గట్టు మీది బస్తానే వాడుకుంటది. ఒక్క ర్యామ్ అంటే గట్టుకు ఒకటే బాట. ఏరేటోళ్లు, బొమ్మ గీసేటోళ్లు అందరూ ఆ బాటలోనే గుద్దుకుంటరు. క్యాటరింగ్ పైసలతో ఇంకో 8 జీబీ అలాంటిదే తెచ్చి రెండో స్లాట్‌లో పెట్టినం. అదే ఆట, అదే సెట్టింగ్, తక్కువ గ్రాఫిక్స్‌లో 100 దాటింది. జీటీఏ 5 కూడా నార్మల్‌లో ఆడుతది. కొత్తగా వచ్చే పెద్ద ఆటలు మాత్రం ఆడవు, ఆశ పెట్టుకోవద్దు.

రోజువారీ పనుల సంగతి సూటిగా చెప్తం. క్రోమ్‌లో ఇరవై ట్యాబులు, వర్డ్, జావా, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, గ్రూప్స్ కోచింగ్ వీడియోలు. మా సీనియర్ అన్న రూములో 12400 ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినం, మా కంటికి తేడా కనబడలె. ఈ పనులకు ప్రాసెసర్ కంటే ఎస్‌ఎస్‌డీ ముఖ్యం. హార్డ్‌డిస్క్ మీద విండోస్ వేసుకుంటే ఏ చిప్ అయినా ఎడ్లబండే. ఆటలు అసలే వద్దు అనుకుంటే ఐ3 12100 తీసుకోండి, 4 కోర్లు, 8 థ్రెడ్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంది. అది చాలు. దాని వెనక కూడా ఎఫ్ లేకుండా చూసుకోండి.

ఇగ ఆటల సంగతి. ఇంట్లో చెప్పకుండా ఆడుతున్నమని లోపల గుచ్చుకునేది. కానీ తాడ్వాయి వాడి చేతికి కీబోర్డు అలవాటైంది ఆటతోనే. రికార్డు ముందేసుకొని కొడితే వేళ్లు బిగుసుకుపోయేవి. ఆటలో ఎడమ చెయ్యి కీల మీద, కుడి చెయ్యి మౌస్ మీద, చూడకుండానే పోయేవి. తప్పు కొడితే నవ్వేది మేమే, బయటోళ్లు లేరు. రెండు నెలలకు భయం పోయింది. తర్వాత సి మళ్లీ రాసిండు, పాసైండు.

మొన్న మార్చిలో వాళ్ల బాపు ఆసుపత్రి పని మీద వచ్చి ఒక రాత్రి మా రూములో పండుకున్నడు. ఆయన లోపలికి రాంగనే మేం ఆట బంద్ చేసినం.

"ఎందుకు ఆపిన్రు?" అన్నడు.

ఎవరం మాట్లాడలె. వాడే చెప్పిండు. "ఇంట్ల సదువుకే అని చెప్పినం బాపూ. ఆట కూడా ఆడుతం."

ఆయన కొంచెంసేపు ఆ డబ్బా దిక్కు చూసిండు. "పోయిన పరీక్ష అయిందా?"

"అయింది."

"ఇగ ఏంది మరి. పెట్టు, నేను సూస్త" అన్నడు. కారు పోతుంటే మంచం మీద కూర్చొని పదకొండు దాకా చూసిండు.

ఏఎండీకి, ఇంటెల్‌కు రెండింటికీ హైదరాబాద్‌లో ఇంజనీర్ల ఆఫీసులు ఉన్నయి. కాజీపేట నుంచి ఒక్క రైలు దూరం. మా నలుగురిలో ఎవరన్నా అక్కడిదాకా పోతమో లేదో తెలవదు. డబ్బా మూత తీసి చిప్‌ను చేత్తో పట్టుకున్నోళ్లమైతే అయినం.

కొనేటోళ్లకు ఒక్క మాట. షాపుకు పోయేముందు మీ దగ్గర ఎంత ఉందో, కార్డు ఎప్పటికైనా కొనగలరో లేదో కాగితం మీద రాసుకోండి. కొనగలమంటే 12400. కొనలేమంటే 5600జీ, ర్యామ్ మాత్రం రెండు ముక్కలు. ధరలు మారుతుంటయి, ఆ రోజు ధర అడగండి. డబ్బా మీద చివరి అక్షరం చదవండి. అనుమానం ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, నలుగురిలో ఒకరం మేలుకొనే ఉంటం.