అమరావతికి అనూరాధపురం మీదుగా

శ్రీలంకకు పిల్లాపాపలతో వెళ్లే మనవాళ్ల టూర్ ప్యాకేజీల్లో బౌద్ధాలయాలకు దక్కేది మిగిలిన సమయమే. పిన్నవల ఏనుగులు, నువరఎలియ తేయాకు తోటలు, అక్కడి సీతమ్మ గుడి, బీచ్ అన్నీ అయ్యాక క్యాండీలో ఓ గంట, దంబుల్ల గుహల్లో ఓ గంట. అనూరాధపురం దూరమని చాలాసార్లు కొట్టేస్తారు. నేననేది దీనికి పూర్తిగా తలకిందులు. తెలుగు కుటుంబం లంకలో ఒక్కచోటే తీరిగ్గా గడపగలిగితే అది అనూరాధపురమే కావాలి. మనకు బౌద్ధ కట్టడాల కరువు లేదు, వాటిని వాడే మనుషులే లేరు. అమరావతి, బొజ్జన్నకొండ, నేలకొండపల్లి ఎక్కడికెళ్లినా పురావస్తు శాఖ బోర్డు, కంచె, గడ్డి, ఇటుకలు. అమరావతి ఫలకాల్లో చాలా మేలైనవి చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. 'ఇక్కడేం చేసేవాళ్లు?' అని పిల్లలడిగితే ఏ బోర్డూ జవాబు చెప్పదు.

ఆ జవాబు అనూరాధపురంలో కళ్లకు కనిపిస్తుంది. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిందని లంకవాళ్లు కొలిచే జయశ్రీ మహాబోధి వృక్షం ఎత్తైన అరుగు మీద, బంగారు కటకటాల లోపల ఉంటుంది. వాలిన కొమ్మలకు బంగారు రంగు ఊతలు. కింద ఇసుకలో తెల్లబట్టలు కట్టుకుని కుటుంబాలకు కుటుంబాలే కూర్చుంటాయి. పెద్దావిడ పుస్తకం చూసి పాళీ గాథలు చదువుతుంటే, పిల్లలు తామర మొగ్గల రేకులు ఒక్కొక్కటే విప్పి తట్టలో పేరుస్తుంటారు. దీని పక్కన అమరావతి ఫలకాన్ని పెట్టి చూడండి. ఖాళీ ఆసనం, దాని ముందు పాదముద్రలు, చుట్టూ వంగి మొక్కుతున్న ఆడవాళ్లు. మన పాఠాల్లో దీనికి 'ప్రతీకారాధన' అని పేరుపెట్టి బట్టీ పట్టిస్తాం. ఆ ఇసుకలో కాసేపు కూర్చున్న పిల్లకు ఆ మాటతో పనిలేదు. కాస్త దూరంలోనే క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో దుట్టగామణి కట్టించిన రువన్వెలిసాయ. దాని నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన కట్టుబడులను వాహల్కడలంటారు. మన స్తూపాలకు సరిగ్గా అదే చోట ఆయక వేదికలు, ఒక్కోదాని మీద ఐదేసి స్తంభాలు ఉండేవి. మన దగ్గర అదిప్పుడు ప్లానులో ఓ గీత. అక్కడ జనం పూలు పెట్టి, చేతులు జోడించి, ప్రదక్షిణ సాగించే చోటు. అనూరాధపురంలో మెట్ల పక్కన నిలిపిన పాత కావలి రాళ్ల మీద పూర్ణఘటాలు చెక్కి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్నదాన్ని చూసిన పిల్లలు వాటిని ఇట్టే పోల్చుకుంటారు.

లంకది థేరవాదం, అమరావతిలో ఉన్నది మహాసాంఘికుల చైత్యక శాఖ, రెంటికీ ముడిపెట్టడం కుదరదని చదువుకున్నవాళ్లు అనొచ్చు. సిద్ధాంతం వరకూ ఆ మాట నిజమే. కానీ అనూరాధపురంలోనే అభయగిరి విహారం శతాబ్దాల పాటు మహాయానానికి చోటిచ్చింది. మనవైపు సాక్ష్యం ఇంకా గట్టిది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనం తామ్రపర్ణి (లంక) ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిన సంగతి, సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం కట్టించిన సంగతి చెబుతుంది. అంటే కృష్ణ ఒడ్డున లంక భిక్షువుల విహారం, అందులో ఓ బోధిచెట్టు ఉండేవి. ఇప్పుడు తెల్లగా మెరిసే రువన్వెలిసాయ పాతది కాదు కదా అనేది మరో అభ్యంతరం. ఒప్పుకుంటాను. అడవి కమ్మేసిన ఇటుకగుట్టను 19వ శతాబ్దం చివరి నుంచి బాగుచేస్తూ వచ్చారు. భిక్షుసంఘానిదీ అదే కథ. లంకలో తెగిపోయిన ఉపసంపదను, అంటే పూర్తి భిక్షు దీక్షను, 1753లో సయాం భిక్షువులను రప్పించి మళ్లీ నిలబెట్టింది క్యాండీ రాజు కీర్తిశ్రీ రాజసింహుడు. అతను మదురై వైపు నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశస్థుడు! తెగినదాన్ని అతికించుకునే ఓపిక వాళ్లకుంది. మనం రాళ్లను మాత్రమే అతికించాం.

బతికున్న మతంతో పాటు రాజకీయమూ ఉంటుంది. క్యాండీ దళదా మాలిగావలో బుద్ధుడి దంతధాతువు దగ్గరికి వెళ్లేముందు తనిఖీ ఎందుకని పిల్లలడిగితే 1998లో ఎల్‌టీటీఈ పేల్చిన లారీ బాంబు గురించి చెప్పాలి, అంతర్యుద్ధం గురించీ చెప్పాలి. శిథిలాల దగ్గర ఆ ఇబ్బంది రాదు. అందుకే అవి సులువుగా అనిపిస్తాయి, పిల్లలకు విసుగూ పుట్టిస్తాయి. గుళ్లు చూపిస్తే పిల్లలు విసుక్కుంటారనే భయం నిజానికి గంటకో గుడి చూపించే ప్యాకేజీ తెచ్చిపెట్టినదే. చేతికి పూలతట్ట ఇస్తే ఆ విసుగు చాలామటుకు పోతుంది.

టికెట్లు తీసుకునేముందు క్యాలెండర్ చూసి, పోయ అనే పౌర్ణమి పర్వదినాన అనూరాధపురంలో ఉండేలా వేసుకోండి. రద్దీ ఎక్కువే, గదులు ముందే మాట్లాడుకోవాలి. భుజాలు, మోకాళ్లు కప్పే తెల్లబట్టలు పెట్టుకోండి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీలు దిగొద్దని పిల్లలకు ముందే చెప్పండి. చెప్పులు బయటే విడవాలి, మధ్యాహ్నానికి రాతి పలకలు కాలిపోతుంటాయి. అందరికీ మేజోళ్లు మర్చిపోవద్దు.