రొట్టెలో నొప్పి

మా అమ్మాయి చదువుకని ఫ్రాన్సు వెళ్లి మూడు నెలలైంది. మొన్న ఫోనుకి ఒక ఫొటో పంపింది. ఏదో కొట్టు. పైన బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు: పి, ఎ, ఐ, ఎన్. నా గుండె జారిపోయింది. పిల్లకి నొప్పా? ఎక్కడ? ఆసుపత్రికి గానీ వెళ్లిందా? ఇంగ్లీషుతో బి.ఏ. వెలగబెట్టిన బుర్ర మరి, ఇంకో ఆలోచన వస్తేనా! గబగబా ఫోను చేశాను.

"నొప్పీ లేదు, గిప్పీ లేదమ్మా! అది రొట్టెల కొట్టు. ఫ్రెంచిలో ఆ మాటకి రొట్టె అని అర్థం. 'పెయిన్' అనకూడదు, ముక్కుతో 'పేఁ' అనాలి" అని పకపకా నవ్వింది.

ప్రాణం కుదుటపడింది గానీ మాట నన్ను వదల్లేదు. నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. ఇద్దరి ముఖాలూ ఒకటే, పుట్టిళ్లు వేరట! ఇంగ్లీషు నొప్పి లాటిను 'పోయెనా' నుంచి వచ్చింది. అంటే శిక్ష. ఫ్రెంచి రొట్టె లాటిను 'పానిస్' నుంచి వచ్చింది. ఆ పానిసే పోర్చుగీసువాళ్ల నోట నలిగి, మన బజారు పావ్ భాజీలో పావ్ అయి కూర్చుంది.

మధ్యలో 'ఐ' తీసేస్తే మరీ విడ్డూరం. ఇంగ్లీషులో పెనం, స్పానిషులో రొట్టె, పోలండువాళ్ల భాషలో అయ్యగారు! పెనం, రొట్టె, అయ్యగారు... మన సంసారమంతా మూడక్షరాల్లో ఇమిడిపోలేదూ? మావారికి చెబితే "బాగుంది. ఇంతకీ ఆ రొట్టె ఏదీ?" అన్నారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం 'కంపానియన్'. అందులోనూ పానిసే ఉంది. తోడు అంటే, కలిసి రొట్టె తినేవాళ్లని.

ఆ రాత్రి అలవాటుగా "తిన్నావా?" అనబోయి, "ఎవరితో తిన్నావే?" అన్నాను.

అటునుంచి కాసేపు పలుకు లేదు. "ఒక్కదాన్నేనమ్మా... రోజూ" అంది మెల్లిగా.

ఆ నాలుగక్షరాలకీ ఉన్న రెండర్థాలూ నాకప్పుడు ఒక్కసారే తెలిసొచ్చాయి.

"నీకు మధ్యాహ్నం భోజనమయ్యే వేళకి మాకిక్కడ సాయంత్రం టిఫినేగా? రేపట్నించి ఫోను ఎదురుగా పెట్టుకుని కలిసి తిందాం. రొట్టె నీది, ఉప్మా నాది" అన్నాను.