లాగితే వదలాలి... అదే బలం!

విశాఖపట్నం బరువులు మోసే ఊరు. ఒకపక్క 1933లో మొదలైన ఓడరేవు, మరోపక్క 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. క్రేన్లు, గొలుసులు, లంగరు తాళ్లు, ఇనుప కమ్మీలు... ఇక్కడ బలానికి కొదవేముంది? అదే ఊళ్లో అరచేతిలో ఇమిడిపోయే చిన్న యంత్రం ఒకటుంది. దాని బరువు పావుకిలోకి అటూ ఇటూ. చేసే పని మాత్రం తనకన్నా ఇరవై రెట్లు బరువైన చేపతో కుస్తీ పట్టడం. అదే గాలం కర్రకు బిగించే రీలు.

తెన్నేటి పార్కు కింది రాళ్లు, సాగర్‌నగర్, రుషికొండ, గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి... తీరం వెంబడి అలా ఉత్తరంగా వెళ్తుంటే తెల్లవారుజామునో పొద్దువాలే వేళో కర్ర పట్టుకుని అలలకేసి చూస్తూ నిలబడ్డవాళ్లు కనిపిస్తారు. పార పడుతుందా, పండుగప్ప పడుతుందా అన్నది వాళ్ల అదృష్టం. పడ్డ చేప ఒడ్డుకొస్తుందా, దారం తెంచుకుని పోతుందా అన్నది మాత్రం అదృష్టం కాదు. అది రీల్లో దాగిన నాలుగైదు చిన్న బిళ్లల చలవ.

చెయ్యే రీలయితే...

రీలు అవసరం అర్థం కావాలంటే ముందు రీలు లేని వేట సంగతి తెలుసుకోవాలి. విశాఖ తీరంలోని జాలరులకు గాలం కొత్త కాదు. వెనకటికి తెప్పల మీద, ఇప్పుడు మోటారు బిగించిన ఫైబర్ పడవల మీద లోతు సముద్రానికి వెళ్లి టూనా, కోనెం, కొమ్ముకోనం లాంటి పెద్ద చేపల్ని గాలంతో పడతారు. వాళ్లకు కర్రా ఉండదు, రీలూ ఉండదు. నైలాన్ తాడూ, దాని చివర కొక్కెమూ, ఎరా... అంతే. చేప లాగినప్పుడు తాడు ఎంత వదలాలో, ఎప్పుడు పట్టి లాగాలో చెప్పేది అరచెయ్యే.

ఆ లెక్క ఒక్క క్షణం తప్పితే ఏమవుతుందో 2025 జులైలో తెలిసింది. అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వేటకెళ్లిన ఒక మత్స్యకారుడి గాలానికి భారీ కొమ్ముకోనం పడింది. తాడు లాగుతుండగా అది ఒక్కసారిగా విదిలించి, ఆయన్ని సముద్రంలోకి లాక్కుపోయింది. పడవలో తోటివాళ్లున్నా కాపాడలేకపోయారు. తాడు తెగలేదు, కొక్కెం ఊడలేదు. ఏదీ వదల్లేదు. అదే ప్రాణం మీదకు తెచ్చింది.

కత్తిచేప నేర్పిన పాఠం

ఈ చిక్కుముడిని రీలు ఎలా విప్పిందో చూస్తే ముచ్చటేస్తుంది. వందేళ్ల కిందటి మాట. అమెరికాలోని కాటలినా దీవి దగ్గర విలియం బోషెన్ అనే ఆసామికి కత్తిచేపను కర్రతో పట్టాలని పట్టుదల. కొమ్ముకోనం లాగే దానికీ పొడవాటి ముక్కు ఉంటుంది, బలమూ అంతే. అప్పటి రీళ్లలో చేప పరుగు తీస్తే పిడి గిర్రున వెనక్కి తిరిగి వేళ్లు నలిగిపోయేవి. దాంతో లోపల వాషర్లు పేర్చి, బయట నక్షత్రం ఆకారంలో ఉన్న మరతో బిగించే బ్రేకు ఉంటే బాగుంటుందని ఆయనకు తోచింది. జూలియస్ వామ్ హాఫ్ అనే పనివాడు దాన్ని తయారుచేసి ఇచ్చాడు. పిడి కదలకుండా ఉన్నా, చేప గట్టిగా లాగినప్పుడు దారం జారుతుంది. ఆ రీలుతోనే 1913లో బోషెన్ 355 పౌన్ల కత్తిచేపను పట్టాడు. అంటే 161 కిలోలు!

ఒడ్డున కనిపించే చిన్న రీళ్ల కథ ఇంకోటి. ఇంగ్లండులో వస్త్ర పరిశ్రమకు చెందిన ఇల్లింగ్‌వర్త్, నూలు మిల్లులో కండె నుంచి దారం ఊడివచ్చే తీరు చూసి, కండె తిరక్కుండా దారమే జారిపోయే రీలును రూపొందించాడు. 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఈ రెండు ఆలోచనలూ కలిస్తే ఇప్పటి రీలు. ఆ బ్రేకునే డ్రాగ్ అంటారు.

డ్రాగ్ మహిమ ఎంతటిదంటే, 1953లో పెరూ తీరంలో ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన నల్ల మార్లిన్ బరువు 707 కిలోలు. మనవాళ్లు కొమ్ముకోనం అని పిలిచే చేపల్లో అదీ ఒకటి. అంత చేపను లొంగదీసిన దారం, దాని బరువులో పదో వంతు కూడా మోయలేనిది!

కాటాతో కొలత

రీలు డబ్బా మీద 'గరిష్ఠ డ్రాగ్ 5 కిలోలు' అనో '8 కిలోలు' అనో రాసి ఉంటుంది. అది మర పూర్తిగా బిగిస్తే వచ్చే అంకె. మన దారం అంత మోస్తుందా లేదా అన్నది దానికి తెలీదు. అందుకే అనుభవజ్ఞులు వేలితో లాగి చూసి సరిపెట్టుకోరు. కాటాతో కొలుస్తారు.

పద్ధతి తేలికే. రీలును కర్రకు బిగించి, దారాన్ని కర్ర రింగుల్లోంచి తీసి, చివర స్ప్రింగ్ కాటా కొక్కేనికి కట్టాలి. ఒకరు కర్రను ఏటవాలుగా పట్టుకుంటే, ఇంకొకరు కాటాను నిదానంగా లాగాలి. దారం జారడం మొదలైనప్పుడు ముల్లు ఎక్కడుందో చూడాలి. దారం తెగే బరువులో పావు వంతు నుంచి మూడో వంతులోపు ఉండాలన్నది లెక్క. 10 కిలోల దారమైతే రెండున్నర నుంచి మూడు కిలోలకు కాస్త పైన. కాటా లేదా? రెండు లీటర్ల నీళ్ల సీసా దారానికి కట్టి పైకెత్తండి. సీసా బరువు దాదాపు రెండు కిలోలు. ఎత్తగానే దారం మెల్లగా జారితే డ్రాగ్ రెండు కిలోల దగ్గర ఉన్నట్టే.

ముల్లు ఎక్కడ ఆగిందన్నదే కాదు, ఎలా కదిలిందన్నదీ చూడాలి. మొదట నాలుగు కిలోల దాకా ఎగిరి, తర్వాత రెండుకు దిగితే వాషర్లు పట్టేస్తున్నాయన్నమాట. దారం తెగేది సరిగ్గా ఆ మొదటి కుదుపులోనే.

మరో సంగతి చాలామందికి తట్టదు. చేప పరుగెత్తేకొద్దీ కండె మీద దారం తగ్గి, చుట్టు చిన్నదవుతుంది. దాని వ్యాసం సగమైతే, మర ముట్టుకోకపోయినా దారం మీద పడే లాగుడు రెట్టింపవుతుంది. రెండు కిలోలు కాస్తా నాలుగవుతుంది. పైగా నైలాన్ దారం తడిస్తే కొంత బలం కోల్పోతుంది. ముడి సరిగా పడకపోతే సగం బలం అక్కడే పోతుంది. పావు వంతు లెక్క ఇందుకే.

బలం పెంచితే...

ఇక చిన్న రీలును గట్టిచేసే ముచ్చట. చవక రీళ్లలో బ్రేకు బిళ్లలు ఉన్నిగుడ్డలాంటి ఫెల్టుతో ఉంటాయి. వాటి స్థానంలో కార్బన్ వాషర్లు వేసి, సన్నగా గ్రీజు రాస్తే వేడెక్కినా డ్రాగ్ నిలకడగా ఉంటుంది. ప్లాస్టిక్ బుష్ తీసి బేరింగు వేస్తే పిడి తేలిగ్గా తిరుగుతుంది.

అయితే ఒకచోట బలం పెంచితే బలహీనత ఇంకోచోటికి తరలిపోతుంది. రెండు కిలోల డ్రాగ్ కోసం చేసిన ప్లాస్టిక్ రీలును ఆరు కిలోలకు బిగిస్తే దాని ఒళ్లే మెలితిరుగుతుంది. పళ్లచక్రాలు పక్కకు జరిగి పళ్లు అరుగుతాయి. అందుకే ఏ మార్పు చేసినా మళ్లీ కాటా పెట్టాలి. కొలిచేటప్పుడు రీలు ఎక్కడైనా వంగుతోందేమో గమనించాలి.

విశాఖలో ఇంకో శత్రువూ ఉంది... ఉప్పుగాలి. వేట ముగిశాక డ్రాగ్ బిగించి, మంచినీళ్లు పైపైన చిలకరించి తుడవాలి. పైపుతో గట్టిగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి దాచాలి. లేదంటే వాషర్లు అణిగిపోతాయి.

ఊరంతా అదే సూత్రం

ఈ చిన్న రీలు సూత్రం విశాఖకు కొత్తేమీ కాదు. ముడిచమురు మోసే ట్యాంకరు ఓడల్ని రేవులో కట్టేటప్పుడు, తాళ్లు చుట్టిన విన్చి బ్రేకును తాడు తెగే బలంలో 60 శాతం దగ్గర జారేలా పెట్టడం అంతర్జాతీయ పద్ధతి. గాలి తోసినప్పుడు విన్చి కాస్త వదులుతుంది. తాడు నిలుస్తుంది. లేదంటే తెగిన తాడు కొరడాలా విసిరికొట్టి మనుషుల్ని పొట్టనబెట్టుకుంటుంది.

ఉక్కుదీ అదే దారి. ఇళ్లకు వాడే 'ఎఫ్ఈ 500డి' కమ్మీ చదరపు మిల్లీమీటరుకు సుమారు 50 కిలోల లాగుడును తట్టుకోవాలి. అది చాలదు. తెగేలోపు కనీసం 16 శాతం సాగాలి కూడా. పేరు చివరి 'డి' ఆ సాగే గుణానికే గుర్తు. భూకంపం వచ్చినప్పుడు ఇంటిని కాపాడేది మొండితనం కాదు, ఆ సాగుడే.

తెగేదాకా లాగకూడదని మన పెద్దలు ఊరికే అన్నారా! కమ్మీ సాగుతుంది, విన్చి జారుతుంది, రీలు దారం వదులుతుంది. వదిలే దారి లేనిది ఒక్క చేతితాడుకే. దానికీ ఓ ఉపాయం లేకపోలేదు. చిన్న పడవల మీద పెద్ద చేపల్ని వేటాడే చాలా దేశాల్లో చేతితాడు చివర పెద్ద బెండో, ఖాళీ డబ్బానో కడతారు. చేప మరీ మొరాయిస్తే తాడు వదిలేస్తారు. డబ్బా తేలుతూ చేపను అలసిపోయేలా చేస్తుంది. తర్వాత వెతికి పట్టుకుంటారు. తాడును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేతికి చుట్టుకోరు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకు విరామం. వలలు బాగుచేసుకునే, ఇంజన్లకు మరమ్మతులు చేసుకునే కాలమది. ఆ 61 రోజుల్లో ఒక పూట తాళ్ల చివర డబ్బాలు కట్టుకోవడానికీ కేటాయిస్తే పెద్దగా ఖర్చేమీ కాదు. చేప పోతే ఇంకోటి పడుతుంది. మనిషి ఇంటికి రావాలి.