ద్వంద్వ సమాసం వంటి లోహం

సమాసాలు బోధించేటప్పుడు పిల్లలకు నేను చెప్పే మాట ఒకటి ఉండేది. తత్పురుషంలో ఒక పదానిదే పెత్తనం. తక్కిన పదం దానిని ఆశ్రయించి ఉంటుంది. ద్వంద్వంలో అన్ని పదాలూ ప్రధానాలే. రామలక్ష్మణభరతశత్రుఘ్నులు అన్నప్పుడు నలుగురిలో ఎవరూ తక్కువ కాదు. ఈ పాఠం లోహశాస్త్రానికి కూడా పనికివస్తుందని పదవీ విరమణానంతరం గాని నాకు తెలిసిరాలేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ 2016 వరకు ఉమ్మడి పాలమూరు జిల్లాలోనివే. ఆ మూడు ప్రాంతాలలోనూ నా ఉద్యోగ జీవితం గడిచింది. వనపర్తి దగ్గరి ఒక పల్లెలో నా వద్ద చదువుకున్న కమ్మరివారి అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో లోహాల మీద పరిశోధన చేస్తున్నాడు. ఆ మధ్య ఇంటికి వచ్చి, "సార్, నేనేం పని చేస్తున్ననో మా నాయనకు ఇంతవరకు చెప్పలేకపోయిన. నాకొచ్చిందంతా ఇంగ్లీషులనే ఉంది. మీరు జర తెలుగు చేసి పెట్టాలె" అన్నాడు. తండ్రికి డెబ్బయి దాటాయి. కొలిమి చల్లారి చాలా కాలమైంది. కొడుకు జీతమెంతో ఆయనకు తెలుసు, పనేమిటో తెలియదు. ఇద్దరి బతుకూ లోహంతోనే, అయినా ఇద్దరి మధ్యా ఆ మాటే లేదు.

రెండు నెలల పాటు నేనే ఆ అబ్బాయికి విద్యార్థినయ్యాను. నాకు బోధపడినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

మానవుడు వేల ఏండ్లుగా చేసుకున్న మిశ్రలోహాలు చాలావరకు తత్పురుషాలు. ఉక్కులో ఇనుముది పెత్తనం, కంచులో రాగిది. 2004లో తైవానులో జియెన్-వెయ్ యే, ఇంగ్లండులో బ్రయన్ కాంటర్ వేర్వేరుగా ఒక కొత్త దారి చూపారు: ఐదారు లోహాలను ఇంచుమించు సమపాళ్ళలో కలపడం. ఇది ద్వంద్వం. వీటికి హై ఎంట్రొపీ మిశ్రలోహాలని పేరు. ఈ విషయంపై తొలి గ్రంథాన్ని 2014లో యే, రంగనాథన్‌లతో కలిసి వెలువరించిన బి.ఎస్. మూర్తిగారే 2019లో హైదరాబాదు ఐఐటీకి సంచాలకులయ్యారు. 2010లో అమెరికాలో సెంకోవ్ బృందం నియోబియం, మాలిబ్డినం, టాంటలం, టంగ్‌స్టన్ వంటి, సులువుగా కరగని లోహాలతోనే ఈ ద్వంద్వాన్ని కట్టింది. టంగ్‌స్టన్ కరగాలంటే 3422 డిగ్రీల వేడి కావాలి.

బలం ఎక్కడినుండి వస్తుంది? గద్వాల మగ్గాన్ని తలచుకుందాం. పడుగులో ఒక పోగు నడుమనే ఆగిపోయిందనుకోండి. లోహంలోని అణువుల వరుసలలోనూ అటువంటి లోపాలుంటాయి. బలప్రయోగం జరిగినప్పుడు ఆ లోపం వరుస నుండి వరుసకు జరుగుతుంది. అందుచేతనే లోహం వంగుతుంది. ఆ జరుగుబాటును అడ్డుకుంటే బలం. పెద్దా చిన్నా అణువులు కలగలిసిన ద్వంద్వంలో బాటంతా గతుకులే కనుక లోపం సులభంగా సాగదు. ఇది మొదటి బలం.

రెండవది గింజల బలం. లోహం ఏకఖండంగా కనిపించినా లోపల సన్నని గింజల కూర్పు. ఒక గింజలో వరుసలు ఒక దిక్కుకు, పక్క గింజలో మరో దిక్కుకు ఉంటాయి. గద్వాల చీరలో నూలు ఒళ్ళూ పట్టు అంచూ కలిసినట్లే, గింజకూ గింజకూ నడుమ ఒక సంధి ఉంటుంది. జరుగుతున్న లోపం అక్కడికి వచ్చి ఆగుతుంది. గింజలు సన్నమైనకొద్దీ సంధులు పెరుగుతాయి. 1951లో హాల్, 1953లో పెచ్ కట్టిన లెక్క ప్రకారం గింజ కొలత నాలుగో వంతుకు తగ్గితే, సంధుల వల్ల వచ్చే బలం రెట్టింపవుతుంది.

అయితే మిక్కిలి వేడిలో ఈ న్యాయం తిరగబడుతుంది. సంధుల వద్ద అణువుల అమరిక వదులు కనుక లోహం అక్కడినుండే మెల్లగా సాగడం మొదలవుతుంది. చల్లనివేళ గట్టు అయినదే వేడివేళ గండి అవుతుంది. అందుకే విమాన ఇంజన్ల రెక్కలను అసలు సంధే లేకుండా ఒకే గింజగా పోతపోస్తారు. హైదరాబాదులోని డీఎంఆర్ఎల్ 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం అటువంటి నికెల్ మిశ్రలోహపు రెక్కలు అరవై తయారుచేసి హెచ్ఏఎల్‌కు అందించింది. నికెల్ 1455 డిగ్రీలకే కరుగుతుంది. సెంకోవ్ నాలుగు లోహాల ద్వంద్వమైతే 1600 డిగ్రీల వద్ద కూడా చదరపు మిల్లీమీటరుకు సుమారు 41 కిలోల ఒత్తిడి వరకు నిలిచింది.

ఇదంతా ఒక సాయంకాలం వారి ఇంటి అరుగు మీద కూర్చుని, కొడుకు ఎదుటనే ఆ పెద్దాయనకు చెప్పాను. గింజల మాట రాగానే ఆయన అందుకున్నాడు. "ఇనుము ఇరిగినకాడ జూస్తె తెలుస్తది సారూ. సన్నరవ్వుంటె మంచిది. కాక ఎక్కువైతె రవ్వ మోటైతది." కొడుకు నా వంక చూశాడు. తర్వాత ఆయనే అడిగాడు: "గట్టిగుంటదంటిరి, బాగానే ఉంది. సల్లగున్నప్పుడు దెబ్బేస్తె ఇరగదా?"

కొడుకు కాసేపు మాట్లాడలేదు. తరువాత తెలుగులోనే, తడుముకుంటూ చెప్పాడు: "ఇరుగుతది నాయనా. రెండు శాతం నలిగేసరికే పగులుతది. హాఫ్నియం, జిర్కోనియం, టైటానియం కలిపినది ఒకటుంది, సగం మందానికి నలిపినా పగలది. గాని 1200 డిగ్రీలల్ల దాని బలం చదరపు మిల్లీమీటరుకు తొమ్మిది కిలోలే. గట్టిదనం, ఇరగనితనం రెండూ ఒక్కదాంట్ల తేవాలె. మేం చేస్తున్నది గదే."

వ్యాకరణంతో నేను చెప్పదలచినదంతా ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. పెద్దాయన తల ఊపి, కొడుకుతో అన్నాడు: "మల్లొచ్చేటప్పుడు ఇరిగిన ముక్క పట్కరా. రవ్వ జూస్త."