చదివిన పుస్తకాలూ, చెప్పిన మాటలూ

పోయిన వేసవి సెలవులకు ముందు ఒక సంగతి జరిగింది. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే వుంది. అయినా ఈ వ్యాసానికి మూలం అదే గనక చెప్పక తప్పదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. వట్టికోట ఆళ్వారుస్వామి నవల "ప్రజల మనిషి"ని గురించి క్లాసులోనూ, సభల్లోనూ ఇరవై ఏళ్ళుగా మాట్లాడుతున్నాను. ఆ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు. ఒకనాడు క్లాసు అయిపోయిన తరువాత ఒక విద్యార్థిని ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"మాస్టారూ, మీరు చెప్పారని ఇది పూర్తిగా చదివానండీ. కంఠీరవం నాకు ఎక్కడా మనిషిలా కనపడలేదు. మీకు నిజంగా నచ్చాడా?" అని అడిగింది.

"నచ్చకేం?" అన్నాను.

"ఎక్కడ నచ్చాడండీ?" అన్నది.

నాకు ఒక్క ఘట్టమైనా వెంటనే గుర్తుకు రాలేదు. ఆ పుస్తకం చదివి పాతికేళ్ళు దాటింది. నాకు గుర్తున్నది పుస్తకం కాదు, దాన్ని గురించి నేను చెబుతూ వచ్చిన మాటలు. ఏదో సర్ది చెప్పి పంపించాను. ఆ అమ్మాయి నన్ను నమ్మలేదని ఆమె నడకను బట్టే తెలిసింది.

సెలవుల్లో ఒక పని చేశాను. ఒక నోటుపుస్తకం కొని ప్రతి పేజీకీ మధ్యగా నిలువుగీత గీశాను. ఒక పుస్తకాన్ని గురించి ఇంతకాలం నేను చెబుతూ వచ్చినది ఎడమవైపు, ఇప్పుడు చదువుతూ వుండగా నాకు కలిగినది కుడివైపు. ఇలా ఆరు పుస్తకాలు చదివాను. రెండువైపులా ఒకే మాట రాయగలిగిన పుస్తకం ఒక్కటీ లేదు.

మొదట "ప్రజల మనిషి". తెలంగాణ జీవితం మీద వచ్చిన తొలి నవలగా చాలామంది చెప్పుకునే పుస్తకం ఇది. దీన్ని రాసిన మనిషి ఇళ్ళలో వంటపని చేసి చదువుకున్నవాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించినవాడు, జైళ్ళు చూసినవాడు. 1946లో మొదలైన సాయుధపోరాటానికి ముందు, ఆంధ్రమహాసభ పల్లెలకు చేరుతున్న రోజుల కథ. విద్యార్థిని చెప్పినదాంట్లో నిజం వుంది. కంఠీరవానికి సందేహమనేది కలగదు. తప్పు చెయ్యడు, భయపడడు. అతను మాట్లాడుతున్నప్పుడు నా కళ్ళు రెండుసార్లు గడియారం వైపు పోయాయి. అది కుడివైపు రాశాను.

కాని మరొకటి కూడా రాశాను. కంఠీరవం పక్కకు తప్పుకోగానే ఆ నవల బతుకుతుంది. వెట్టిచేసే జనం, దొర గడీ, కచేరీలో వినబడే ఉర్దూమాటలు, ఆ మాట అర్థంకాక వణికే రైతు - ఇవన్నీ చూసి రాసినవి, విని రాసినవి కావు. ఇరవై ఏళ్ళుగా నేను కథానాయకుణ్ణి పొగిడి ఊరిని వదిలేశాను. రచయితకు మేలు చేస్తున్నాననుకుంటూ అతని అసలు బలాన్ని శ్రోతలకు చూపకుండా దాచాను.

రెండోది విశ్వనాథ సత్యనారాయణ "వేయిపడగలు". 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతిని అడవి బాపిరాజు "నారాయణరావు"తో కలిసి పంచుకున్న నవల. ఎడమవైపు నేను రాసినది రెండే మాటలు: "తిరోగమన సాహిత్యం". ఇది కొత్తగా తెచ్చిపెట్టుకున్న అభిప్రాయం కాదు, విద్యార్థిదశ నుంచీ నాతో వున్నదే. అప్పుడు నేను చదివినది మాత్రం మొదటి నూరు పేజీలే.

ఈసారి చివరిదాకా చదివాను. నిజం చెప్పాలంటే మూడు రాత్రులు నాకు నిద్ర పట్టనివ్వలేదు. సుబ్బన్నపేట ఒక్కొక్క పడగగా కూలిపోతూ వుంటే మనకు పడని వ్యవస్థే కూలుతున్నదని తెలిసికూడా నా మనసు బాధపడింది. పొలాల మధ్యనే పుట్టి పెరిగినట్టుండే పసిరిక ఇప్పటికీ నా కళ్ళముందు మెదులుతున్నాడు. ధర్మారావు వాదాలలో దేనితోనూ నేను ఏకీభవించను. వర్ణధర్మమే సంఘానికి ఊపిరి అనే మాట ఎంత అందంగా చెప్పినా, ఆ ధర్మం కింద నలిగిన మనిషికి అది ఉరితాడే. ఆ నలిగిన మనిషి ఈ నవలలో నోరు విప్పి తన బాధ చెప్పడు. ఇంత విశాలమైన పుస్తకంలో అతనికి చోటు లేకపోవడమే దీని మీద నా అసలు ఆరోపణ.

అయితే ఈ ఆరోపణ చేసే హక్కు పుస్తకం పూర్తిచేసిన తరువాతనే నాకు వచ్చింది. పాత వ్యవస్థ కూలినప్పుడు దాని నీడన బతికినవాళ్ళకు కలిగే దుఃఖం నిజమైనదే. ఆ దుఃఖానికి ఎంత బలం వుందో తెలియనివాడు దానితో ఎలా తలపడతాడు? నా రెండు మాటల తీర్పు విన్న విద్యార్థి రేపు ఈ పుస్తకం తెరిచి పరవశించిపోతే, ఆనాటి నుంచి నేను చెప్పే ఏ మాటనూ నమ్మడు. అందులో తప్పు అతనిది కాదు.

మూడోది డాక్టర్ పి. శ్రీదేవి "కాలాతీత వ్యక్తులు". 1957-58లో "తెలుగు స్వతంత్ర"లో ధారావాహికగా వచ్చింది. రచయిత్రి 1961లో చిన్నవయసులోనే చనిపోయింది. ఎడమవైపు: "మధ్యతరగతి ప్రేమకథ, వర్గదృష్టి లేదు". ఇది రాసినప్పుడే నాకు చెయ్యి ఆడలేదు.

ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. ఆ తండ్రి కూతురి సంపాదన తింటూ కూతురి బాగోగులు పట్టించుకోడు. ఆమెకు పెళ్ళి కావాలి, సుఖం కావాలి, వాటికి సిగ్గుపడదు. ప్రకాశం ఆమెను కోరుకుంటాడు గాని పెద్దవాళ్ళ ఎదట నిలబడలేడు. పాఠకుల సానుభూతి అంతా నెమ్మదస్తురాలైన కల్యాణి మీదికే పోతుంది. నా సానుభూతి కూడా వెనకటిసారి అటే పోయింది. ఇందిర అప్పుడు నాకు గడుసుపిల్లగా కనిపించింది.

ఈసారి లెక్కలు చూశాను. ఇంట్లో డబ్బెవరు తెస్తున్నారు, ఎవరు ఖర్చుపెడుతున్నారు, ఎవరి పెళ్ళి ఎందుకు ఆగిపోయింది అన్నది చూస్తే ఆమె గడుసుతనం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమయింది. మనుషుల స్వభావానికి ఆర్థిక పరిస్థితులే పునాది అని క్లాసులో చెప్పే నేను, ఒక నవల ఆ పని చేసి చూపిస్తే గుర్తించలేకపోయాను. కారణం? అందులో కర్మాగారం లేదు, జెండా లేదు. ఇంకో కారణం కూడా వుంది: ఒక ఆడది తనకు కావలసినది తానే అడిగితే నాకు లోపల ఎక్కడో నచ్చలేదు. ఇది నోటుపుస్తకంలో రాయడానికి రెండు రోజులు పట్టింది.

నాలుగోది నవల కాదు. సురవరం ప్రతాపరెడ్డి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర", 1949 నాటిది. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దీనికే వచ్చింది. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని కావ్యాల్లో వెతికిన పుస్తకం. పాల్కురికి సోమనాథుడినీ, "క్రీడాభిరామా"న్నీ పట్టుకుని ఓరుగంటి వీధులూ, పూటకూళ్ళ ఇళ్ళూ చూపిస్తాడు. రసం కోసం మాత్రమే చదివిన పద్యం సాక్ష్యం కూడా కాగలదని నాకు నేర్పినది ఈ పుస్తకమే.

ఎడమవైపు "మహత్తర గ్రంథం" అని వుంది. కుడివైపు కూడా అదే రాయబోయి ఆగాను. వివరాలు కుప్పలుగా వచ్చిపడతాయి. అవి ఎందుకు అలా వున్నాయన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. పూటకూటింటి భోజనం ఎలా వుండేదో తెలుస్తుంది. ఆ బియ్యం పండించినవాడికి ఎంత మిగిలిందో తెలియదు. ఈ లోపం ఆయనది మాత్రమే కాదు. కవులు ఎవరి ఇళ్ళకు పోయారో ఆ ఇళ్ళ సంగతులే రాశారు. మిగిలిన పని తరువాతివాళ్ళది. ఒట్టి పొగడ్త వల్ల ఆ మిగిలిన పని మన కంటికి ఆనదు.

చివరి రెండూ జంటగా చదివాను: ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" (1922), జి. కళ్యాణరావు "అంటరాని వసంతం" (2000). మొదటిది నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిన పుస్తకం. ఒక మాల కుటుంబాన్ని నవలకు కేంద్రంగా నిలబెట్టడం ఆ రోజుల్లో ఎంత సాహసమో వేరే చెప్పనక్కర్లేదు. చౌదరయ్య చేతిలో సంగదాసు చావు ఇప్పటికీ చదవలేక పుస్తకం మూశాను. కాని రామదాసు వేదాంతం సాగినచోట్ల పేజీలు దాటేశాను. దాటేశానని ఒప్పుకుంటున్నాను. అంత దెబ్బ తిన్న మనిషికి అంత శాంతం ఎలా వచ్చిందని నాకు అనుమానం కలిగింది. ఆ శాంతం రామదాసుదా, అతను అలా వుంటే బాగుండునని కోరుకున్న రచయితదా?

"అంటరాని వసంతం" చదివాక ఆ అనుమానం బలపడింది. ఇందులో రూతు తన జ్ఞాపకాల్లోంచి తరాల కథ చెబుతుంది. ఎల్లన్న పాట కడతాడు, వీధినాటకం ఆడతాడు. వాళ్ళ కష్టంతోపాటు వాళ్ళ కళ, వాళ్ళ నవ్వు, వాళ్ళ కోపం కూడా వాళ్ళ నోటనే వస్తాయి. ఇక్కడ మంచివాడనిపించుకోవడానికి ఎవడూ శాంతంగా వుండనక్కర్లేదు. చివరి భాగంలో కథ కొంత తొందరపడింది, మనుషుల స్థానంలో సంఘటనలు వచ్చాయి అనిపించింది. అయినా "మాలపల్లి"ని ప్రేమించినవాళ్ళందరూ దీన్ని చదివితీరాలి. సానుభూతితో బయటినుంచి చూసిన చూపు ఎంతవరకు వెళ్ళగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

ఇదంతా చదివి కొందరు మిత్రులు నన్ను మందలించవచ్చు. "అసలే మన పుస్తకాలు చదివేవాళ్ళు తక్కువ. వాటిలో లోపాలు నువ్వే బయటపెడితే ఎట్లా?" అనవచ్చు. నేను కూడా ఇరవై ఏళ్ళు అలాగే అనుకున్నాను. దాని ఫలితం నా కళ్ళతో చూశాను. మన పొగడ్త వినీ వినీ విద్యార్థులు పుస్తకం జోలికే పోవడం మానేశారు; పరీక్షకు ఆ పొగడ్త చాలు. చదివిన ఒక్క అమ్మాయీ వచ్చి అడిగితే నా దగ్గర జవాబు లేదు. వస్తువు మంచిదైనంత మాత్రాన నవల మంచిదైపోదనీ, శత్రువు నవలైనంత మాత్రాన చెత్త కాదనీ మనకు తెలియక కాదు. తెలిసినదాన్ని సభలో చెప్పడానికి మొహమాటపడుతున్నాం.

సెలవుల తరువాత ఆ విద్యార్థినికి నోటుపుస్తకం ఇచ్చాను. వారంరోజులకు తిరిగి తెచ్చింది. కంఠీరవం విషయంలో నేను ఒప్పుకున్నందుకు ఆమె సంతోషించలేదు సరికదా, కొత్త తగాదా తెచ్చింది.

"'వేయిపడగల' మీద మీరు మరీ మెత్తబడ్డారు మాస్టారూ" అన్నది.

"నువ్వు చదివావా అమ్మా?"

"సగం చదివానండీ."

"ఆ మిగతా సగం కూడా చదివిరా. అప్పుడు పోట్లాడుకుందాం" అన్నాను.

పుస్తకం నా దగ్గరే తీసుకుని వెళ్ళింది. ఆమె కోసం ఎదురుచూస్తున్నాను.